కీబోర్డు రికార్డింగ్: మిడి సరిపోతుందా, ఆడియో తప్పదా?

శ్రుతిపెట్టె: 61 మెట్ల కీబోర్డు, విండోస్ ల్యాప్‌టాప్, రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. స్టైల్ (కీబోర్డు దానంతటదే వాయించే తాళం, తోడు సంగీతం) వేసుకుని భజన పాటలు రికార్డు చేయాలి. యూఎస్‌బీ కేబుల్‌తో మిడి తీసుకుంటే చాలని కొందరు, మిడిలో కీబోర్డు సౌండే రాదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

నల్లమెట్టు: మిడియే తీసుకోండి. అందులో శబ్దం ఉండదన్నది నిజమే. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలంగా (0 నుంచి 127) నొక్కారన్న సమాచారమే ఉంటుంది. చరణంలో ఒక్క స్వరం తప్పితే దాన్ని మాత్రమే జరిపి సరిచేయొచ్చు. గాయనికి ఐదు శ్రుతి బదులు ఐదున్నర కావాలంటే అన్నింటినీ ఒక సెమీటోన్ పైకి నెడితే సరి. మిడిలో డ్రమ్ములకు కేటాయించిన పదో చానెల్‌ను మాత్రం కదపొద్దు. అక్కడ ఒక్కో నంబరు ఒక్కో డ్రమ్ము. 38లో ఉన్న స్నేర్ 39కి జరిగితే చప్పట్లుగా మోగుతుంది.

లైన్‌ఇన్: నల్లమెట్టు గారూ, మీ మాట పియానో వాయించేవాళ్లకు సరిపోతుంది, భజనకు సరిపోదు. గమకం సంగతి చూడండి. కీబోర్డులో పిచ్ బెండ్ (పక్కనున్న చక్రంతో స్వరాన్ని పైకీ కిందికీ వంచడం) పరిధి సాధారణంగా 2 సెమీటోన్లు. స పట్టుకుని చక్రాన్ని పూర్తిగా పైకి నెడితే చతుశ్రుతి రి పలుకుతుంది. కంప్యూటర్‌లో సౌండ్లు పలికించే సాఫ్ట్‌వేర్ అయిన ప్లగిన్‌లో పరిధి 12 ఉంటే అదే కదలిక తారస్థాయి స దాకా ఎగిరిపోతుంది. మిడి దాచేది చక్రం ఎక్కడుందన్నదే కానీ ఏ స్వరం పలికిందన్నది కాదు. పైగా ఎడమ చేతి వాయిస్‌ను, కుడి చేతి వాయిస్‌ను ఒకే చానెల్‌కు కుదిస్తే గమకం వేసినప్పుడల్లా కింది షడ్జమం కూడా ఊగుతుంది.

ఇక స్టైల్. చాలా ఇంటి కీబోర్డుల్లో అది మిడిగా బయటకు రాదు. ఫంక్షన్ మెనూలో స్టైల్ అవుట్ ఆన్ చేయాలి. వచ్చినా ఆ ఢోలక్‌ను కంప్యూటర్‌లోని సౌండ్లు పలికించలేవు.

నల్లమెట్టు: స్టైల్ విషయం ఒప్పుకుంటాను, గమకం విషయం ఒప్పుకోను. ప్లగిన్‌లో బెండ్ రేంజ్ 2 అని పెడితే తీరిపోతుంది. ప్లగిన్ సౌండ్ వింటూ వాయించేటప్పుడు కీబోర్డులో లోకల్ కంట్రోల్ (మెట్టు నొక్కితే కీబోర్డు తన సౌండ్ పలికించే సెట్టింగ్) ఆఫ్ చేయండి. లేకపోతే ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తుంది. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క సైజు) 128 శాంపిళ్ల దగ్గర మొదలుపెట్టి, చిటపటలు వస్తే 256కు పెంచండి.

శ్రుతిపెట్టె: ఆడియోకైతే హెడ్‌ఫోన్ జాక్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి పెట్టొచ్చా?

లైన్‌ఇన్: వద్దండీ. ల్యాప్‌టాప్‌లో ఉండే ఒక్క జాక్ హెడ్‌సెట్ మైకు కోసం. అది మోనో, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఎక్కువ, కీబోర్డు సిగ్నల్ పెడితే శబ్దం చీలిపోతుంది. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) కావాలి.

కేబుల్ దగ్గరే చాలామంది పొరపడతారు. కీబోర్డు హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో: పిన్ను కొనలో ఎడమ, మధ్య వలయంలో కుడి. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ మాత్రం బ్యాలెన్స్‌డ్ మోనో, కొన నుంచి వలయాన్ని తీసేసి మిగిలినదే వింటుంది. రెండు చివర్లా స్టీరియో పిన్నున్న తీగను ఒక్క ఇన్‌పుట్‌లో గుచ్చితే ఎడమలోంచి కుడి తీసివేత అవుతుంది. మధ్యలో ఉన్న మెలొడీ, బేస్ మాయమై రివర్బ్ (మారుమోత) మాత్రం నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కీబోర్డు పాడైందనుకుంటారు, తప్పు తీగది. ఒక వైపు 6.3 మి.మీ. స్టీరియో, మరో వైపు రెండు 6.3 మి.మీ. మోనో పిన్నులున్న వై కేబుల్ తీసుకుని 1, 2 ఇన్‌పుట్లలో పెట్టండి. ఇంటర్‌ఫేస్ స్విచ్ ఇన్‌స్ట్రుమెంట్ మీద కాకుండా లైన్ మీద ఉండాలి. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతు, 24 బిట్, అన్నింటికంటే పెద్ద శబ్దం -12, -6 డీబీ మధ్య తగలాలి.

మూడోతీగ: ఇంటర్‌ఫేస్ కొనేముందు మీ కీబోర్డు మాన్యువల్‌లో యూఎస్‌బీ ఆడియో ఉందేమో చూడండి. యమహా పీఎస్ఆర్-ఈ473 లాంటి వాటిలో ఒక్క యూఎస్‌బీ తీగ మీదే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో ఆడియో, మిడి రెండూ వస్తాయి. విండోస్‌లో యమహా డ్రైవర్ వేసి, రీపర్ ప్రాజెక్టును 44,100లో పెట్టాలి. ఆడియో లూప్‌బ్యాక్ (కంప్యూటర్ నుంచి వచ్చిన శబ్దాన్ని తిరిగి కంప్యూటర్‌కే పంపడం) ఉన్న మోడల్ అయితే అది ఆఫ్‌లో ఉంచండి. ఆన్‌లో ఉంటే రెండో ట్రాక్ రికార్డు చేసేటప్పుడు మొదటి ట్రాక్ కూడా అందులో కలిసిపోతుంది, తర్వాత విడదీయలేం.

నల్లమెట్టు: అలాంటి కీబోర్డు కాకపోతే లైన్ తీగ, మిడి తీగ రెండూ పెట్టి ఒకేసారి తీసుకోండి.

మూడోతీగ: తీసుకోవచ్చు కానీ యూఎస్‌బీ గుచ్చగానే ఆడియోలో కీచుమనే శబ్దం మొదలవడం మామూలే. రెండు తీగల గ్రౌండ్లూ కలిసి వలయమవుతాయి. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ కలయికను తెంచే స్విచ్) ఉన్న స్టీరియో డీఐ బాక్సు (సిగ్నల్‌ను మార్చి పంపే చిన్న పెట్టె) లైన్ తీగకు మధ్యలో పెట్టాలి.

లైన్‌ఇన్: దానికన్నా రెండు విడతల్లో చేయండి. ముందు మిడి తీసుకుని తప్పులు దిద్దండి. తర్వాత ఆ మిడిని తిరిగి కీబోర్డుకే పంపి, అది పలుకుతుంటే లైన్‌లో ఆడియో పట్టుకోండి. అప్పుడు గమకం మీ కీబోర్డుదే, టోన్ కూడా మీ కీబోర్డుదే. ట్రాక్ మొదట్లో ఒక బార్ ఖాళీగా వదిలి అక్కడ బ్యాంక్ సెలెక్ట్, దాని వెనక ప్రోగ్రామ్ చేంజ్ (ఏ వాయిస్ పలకాలో కీబోర్డుకు చెప్పే మిడి ఆదేశాలు) పెట్టండి. అవి లేకుండా పంపితే వేణువు పలకాల్సిన చోట పియానో పలుకుతుంది.