రాకేష్ శర్మ గారిలా అంతరిక్షంలోకి వెళ్లాలంటే ఫైటర్ పైలట్టే అవ్వాలా?

ఎంపీసీ_అక్క: మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. అంతరిక్షానికి వెళ్లొచ్చిన శుభాంశు శుక్లా గారి రాకెట్ లాంచ్ లైవ్‌లో చూసినప్పట్నుంచి ఆస్ట్రోనాట్ అవుతానని ఒకటే పట్టు, నాన్నేమో ముందు ఇంజనీరింగ్ చెయ్యరా అంటున్నారు. ఏ దారిలో వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

తార్నాక_ఫ్లయర్: మన దేశం తరఫున ఇప్పటిదాకా వెళ్లిన ఇద్దరూ ఎయిర్‌ఫోర్స్ వాళ్లేనండి. శర్మ గారు మన హైదరాబాద్‌లోనే చదువుకున్నారు, నిజాం కాలేజీ. 1966లో ఎన్‌డీఏ (సైనికాధికారులకి ట్రైనింగ్ ఇచ్చే అకాడమీ), 1970లో ఎయిర్‌ఫోర్స్, 1971 యుద్ధంలో మిగ్-21 మీద 21 సార్లు వెళ్లొచ్చారు, అప్పటికి 23 ఏళ్లు కూడా నిండలేదు! కానీ అసలు పనికొచ్చింది టెస్ట్ పైలట్, అంటే విమానాల్ని నడిపి పరీక్షించే పైలట్ అవ్వడం. గాల్లో విమానం మొండికేస్తే కంగారుపడకుండా ఏం జరుగుతోందో గమనించి, కిందికొచ్చాక ఇంజనీర్లకి పూసగుచ్చినట్టు చెప్పాలి, స్పేస్‌లోనూ కావాల్సింది అదే కదా. మనవాళ్లని మన రాకెట్‌లోనే పంపే గగన్‌యాన్‌కి తీసుకున్న నలుగురూ టెస్ట్ పైలట్లే.

పాత_వాయుసేన: ఒక మాట చెప్తానమ్మా. 1982లో శర్మతో పాటు రవీశ్ మల్హోత్రా గారిని కూడా సెలెక్ట్ చేశారు. ఇద్దరూ మాస్కో దగ్గరున్న స్టార్ సిటీ ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లి రష్యన్ నేర్చుకుని ట్రైనింగ్ మొత్తం పూర్తి చేశారు, తీరా 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 వ్యోమనౌక ఎక్కింది శర్మ ఒక్కరే, మల్హోత్రా బ్యాకప్‌గా కిందే ఉండిపోయారు. నాకైతే ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. శర్మ తర్వాత శుక్లా వెళ్లేసరికి 41 ఏళ్లు పట్టింది, మధ్యలో ఎంతమంది మంచి పైలట్లు రిటైర్ అయిపోయారో. శర్మ కూడా అంతరిక్షంలో దాదాపు 8 రోజులే ఉన్నారు, వచ్చాక మళ్లీ విమానాలే, 1987లో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో చేరి నాసిక్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా చేశారు. కాబట్టి మీవాడికి విమానం నడపడం ఇష్టమా, రాకెట్ ఎక్కడమే ఇష్టమా, ముందు అది అడుగు.

ఎంపీసీ_అక్క: అడిగాను సార్, రోజూ బేగంపేట వైపు విమానం శబ్దం వస్తే మేడెక్కేవాడు చిన్నప్పుడు, ఫ్లయింగే ఇష్టమట. ఎన్‌డీఏకి ఎప్పుడు రాయాలి?

తార్నాక_ఫ్లయర్: సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్నాయి కాబట్టి ఎయిర్‌ఫోర్స్‌కి సరిపోతుంది. కానీ రాత పరీక్ష తర్వాత జరిగే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూల్లో పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఒకటుంది, అది చాలా ముఖ్యం, అందుకని ఆ రోజు నిద్ర చాలక వెళ్లకుండా చూసుకోండి.