జీపుతో నార్మండీ: వైజాగ్ నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారా?

సీతమ్మధార జీపు:
నాన్నగారు డిస్పోజల్ వేలంలో కొన్న 1944 విల్లీస్ జీపు రెండేళ్ల పని తర్వాత మొన్నే బీచ్ రోడ్డెక్కింది. 1944లో మిత్రసేనలు దిగిన రోజు, జూన్ 6కి, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీసుకెళ్లాలని ఉంది. కంటైనర్ ఖర్చు, కార్నే (సుంకం కట్టకుండా బండిని కొన్నాళ్లు విదేశానికి తీసుకెళ్లే పత్రం) వివరాలు చెప్పండి. ఆ యుద్ధంలో పోరాడిన వెటరన్స్‌ని అక్కడ ఎలా కలవాలి?

గాజువాక షెడ్డు:
ఫొటో చూశాను. ఛాసిస్ ముందు క్రాస్ మెంబర్ (అడ్డపట్టీ) గొట్టంలా లేదు, తిరగేసిన యూలా ఉంది. అది విల్లీస్ కాదు, అదే డిజైన్‌తో ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూ. అక్కడివాళ్లు చూడగానే పట్టేస్తారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది.

సీతమ్మధార జీపు:
ఆర్‌సీలో విల్లీస్ అనే ఉంది సార్.

గాజువాక షెడ్డు:
రాసినవాడు బండి కిందకి దూరి చూశాడా? బోల్టుల తలల మీద ఫోర్డ్ గుర్తు, ఎఫ్ అక్షరం వెతకండి.

పెదవాల్తేరు:
ఎనభై ఏళ్లు అవే బోల్టులుంటాయా? ఆ రెండు బండ్ల పార్టులూ ఒకదానికొకటి సరిపోయేలాగే చేశారు. వర్క్‌షాపులో ఏది దొరికితే అది బిగించేవారు.

గాజువాక షెడ్డు:
నేను చెప్పేది ఛాసిస్ గురించి. బోల్టుల దగ్గరే ఆగిపోకండి.

పెదవాల్తేరు:
నేనూ మూడు జీపులు విప్పి బిగించినవాణ్ణే. మీకొక్కరికే తెలిసినట్టు మాట్లాడొద్దు.

లాసన్స్ బే:
నేను 2019లో, 75వ ఏడాదికి వెళ్లాను. ఇంగ్లండ్‌లో బావమరిది స్నేహితుడి జీపులో పోర్ట్స్‌మత్ దగ్గర ఓడెక్కాం. నార్మండీ తీరంలోని ఆరోమాంష్‌లో నీళ్లు వెనక్కెళ్లాక, అప్పటి తాత్కాలిక హార్బర్ కాంక్రీటు దిమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ బానెట్ ఎత్తి ఆపాం. మెడల్స్ పెట్టుకున్న పెద్దాయన ఒకరు మనవరాలి భుజం పట్టుకుని వచ్చారు. మాటా పలుకూ లేదు. గ్రిల్ వెనక చెయ్యి పెట్టి, చూడకుండానే రెక్కల నట్టు వదులు చేసి, హెడ్‌లైట్‌ని ఇంజన్ వైపు తిప్పారు. రాత్రిపూట రిపేరుకి ఆ ఏర్పాటు. ఆయన వేళ్లకి అదింకా గుర్తుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఫొటోల కోసం వాళ్లని చుట్టుముట్టకండి, పక్కన నిలబడండి చాలు.

డాక్‌యార్డు అబ్బాయి:
నార్మండీ దాకా ఎందుకండీ? మా నాన్న 1971లో ఇక్కడే డ్యూటీ. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన రాత్రి కిటికీ అద్దాలు అదిరాయని చెప్పేవారు. ఏటా డిసెంబర్ 4న బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి వెళ్లేవారు. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. మూడేళ్ల క్రితం పోయారు.

ఎంవీపీ:
ఘాజీని ముంచింది మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీళ్లలో పేలే బాంబులు) అని మన నేవీ చెప్పింది. సొంత మైన్ పేలిందని పాకిస్తాన్ చెప్పేది నమ్మకండి.

డాక్‌యార్డు అబ్బాయి:
నేను ఆ గొడవ ఎత్తలేదు సార్. మా నాన్న గురించి చెప్పాను.

సీతమ్మధార జీపు:
కార్నే సంగతి ఎవరూ చెప్పలేదు.

మధురవాడ:
ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండిని తిరిగి తెస్తామని బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ వైర్లు తీసి పంపండి. నా బండిలో రెండు లీటర్ల పెట్రోలు మిగిలిందని కంటైనర్ పదకొండు రోజులు ఆపేశారు. ఏజెంటు ముందు ఒక్క మాట చెప్పలేదు, డెమరేజ్ (ఆలస్యానికి వేసే రుసుము) మొత్తం నా నెత్తిన పడింది.

సీతమ్మధార జీపు:
రాత్రి టార్చి వేసుకుని కిందకి దూరాను. షెడ్డు గారూ, యూ ఆకారమే. గీకితే రెండు బోల్టుల మీద ఎఫ్ బయటపడింది.

గాజువాక షెడ్డు:
ఆదివారం బండి తీసుకురండి, డైనమో చూస్తాను. 6 వోల్టుల వైరింగ్ మాత్రం మార్చొద్దు.

పెదవాల్తేరు:
అంత దూరం వెళ్లే బండికి 6 వోల్టులా? 12 చేయించండి.