సి భాష నేర్చుకోవడానికి ఏ కంపైలర్ మంచిది? ల్యాబులో టర్బో ఉంది, ఇంట్లో ఏది పెట్టుకోవాలి?

ప్రశ్న – బిట్రగుంట విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను కావలిలో బీఎస్సీ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబులో టర్బో సి++ అనే కంపైలర్ (రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) వాడుతున్నాము. డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) తెరవగానే వచ్చే ఆ నీలం తెర మీద రాసిన ప్రోగ్రాములనే రికార్డులోకి ఎక్కిస్తున్నాము. మా పెదనాన్నగారి అబ్బాయి తాను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌ను నాకు ఇచ్చాడు. అందులో 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 10 ఉన్నాయి. అన్నయ్య సలహా మీద కోడ్ బ్లాక్స్ పెట్టుకున్నాను గానీ, ల్యాబులో చక్కగా నడిచిన ప్రోగ్రామే ఇంట్లో తెరను ఖాళీ చేసే క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ దగ్గర తప్పు చూపించి ఆగిపోయింది. రెండూ సి భాషే కదా, మరి ఒకచోట ఒప్పయినది ఇంకొకచోట తప్పెలా అవుతుంది? ఇంట్లో కూడా టర్బోనే పెట్టుకోవడం మేలా, లేక వేరే కంపైలర్‌తో నేర్చుకోవాలా? ప్రాక్టికల్ పరీక్ష మాత్రం టర్బోలోనే రాయాలి.

జవాబు 1 – ఒంగోలు అధ్యాపకుడు

అమ్మా, ముందుగా మీ రెండో సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే మొదటిది దానంతటదే తేలుతుంది. సి భాష అంటే ఒక ప్రమాణ పత్రం. 1989లో అమెరికాలో ఆమోదం పొంది, మరుసటి ఏడాది అంతర్జాతీయ ప్రమాణమైన ఆ పత్రం 1999లోనూ 2011లోనూ ఆ తరువాత కూడా సవరణలు పొందుతూ వచ్చింది. ఆ పత్రంలో తెర మీద చూపించే ప్రింట్ఎఫ్ ఉంది, విలువలు తీసుకునే స్కాన్ఎఫ్ ఉంది. క్లియర్‌స్క్రీన్ లేదు, గెట్‌సీహెచ్ లేదు, అసలు ఆ రెండూ ఉండే కోనియో హెడర్ ఫైలే లేదు. అవి బోర్లాండ్ సంస్థ డాస్ కోసం తన కంపైలర్‌తో పాటు ఇచ్చిన అదనపు సరుకు. మీ కోడ్ బ్లాక్స్ వెనుక పనిచేసే జీసీసీ అనే కంపైలర్‌లో విండోస్ పుణ్యమా అని కోనియో, గెట్‌సీహెచ్ దొరుకుతాయి గానీ క్లియర్‌స్క్రీన్ దొరకదు. అందుకే సరిగ్గా అక్కడే ఆగింది. అదే ప్రోగ్రామును లైనక్స్‌లో పెడితే కోనియో అన్న మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది.

టర్బో సి 1987 నాటిది, మీ ల్యాబులోని టర్బో సి++ ఆ తరువాత నాలుగైదేళ్లకు వచ్చినది. రెండూ 16 బిట్ డాస్ కాలానివి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపలేదు కాబట్టే మధ్యలో డాస్‌బాక్స్ అవసరమవుతున్నది. టర్బో వల్ల కలిగే అసలు నష్టం తెర రంగులో లేదు, ఇంటీజర్‌లో ఉంది. టర్బోలో ఇంటీజర్ (పూర్ణ సంఖ్యలు దాచే రకం) 2 బైట్లు, అంటే 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు. మీ జీసీసీలో అది 4 బైట్లు. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించే) ప్రోగ్రామును ఇంటీజర్‌తోనే రాసి, రెండు చోట్లా 8 ఇచ్చి చూడండి. నేను ఫలితం చెప్పను, మీరే చూసి ఇక్కడ రాయండి.

ఇంకొక చిన్న విషయం కూడా గమనించండి. టర్బో సి++ మీరు పేరు పెట్టని ఫైలుకు తనంతట తాను సీపీపీ అన్న తోక తగిలిస్తుంది, అప్పుడు మీ ప్రోగ్రామును సి భాషగా కాక సి++ భాషగా చదువుతుంది. భద్రపరిచేటప్పుడు చివర చుక్క సి అని మీరే ఇవ్వాలి. ఎందరో విద్యార్థులు ఏడాదంతా సి అనుకుంటూ సి++ కంపైలర్‌తోనే గడిపేస్తారు.

నా సలహా ఒక్కటే: ఇంట్లో జీసీసీతో నేర్చుకోండి, పరీక్షకు ముందు వారం రోజులు టర్బో మీద చేయి తిప్పుకోండి.

జవాబు 2 – నెల్లూరు నుంచి ఒక ప్రోగ్రామర్

పై మాటతో ఏకీభవిస్తూ, ఆచరణకు సంబంధించిన సంగతులు కొన్ని చెబుతాను. కోడ్ బ్లాక్స్ అన్నది కంపైలర్ కాదు, విజువల్ స్టూడియో కోడ్ కూడా కాదు. అవి రాసుకునే చోట్లు. యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పని జీసీసీ గానీ క్లాంగ్ అనే మరో కంపైలర్ గానీ చేస్తుంది. కోడ్ బ్లాక్స్‌ను దింపుకునేటప్పుడు పేరులో మిన్‌జీడబ్ల్యూ అని ఉన్న ఫైలు తీసుకుంటే జీసీసీ దానితోనే వస్తుంది. మీది ఇప్పటికే తప్పులు చూపిస్తున్నదంటే ఆ ఫైలే తీసుకున్నారన్నమాట, మళ్లీ ఏదీ పెట్టనవసరం లేదు. మైక్రోసాఫ్ట్ వారి పూర్తి విజువల్ స్టూడియో మాత్రం మీ 4 జీబీ యంత్రానికి బరువు, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు చేయవలసిన అసలు పని, కంపైలర్ అమరికలలోకి వెళ్లి సాధారణ హెచ్చరికలన్నీ చూపించమనే గుర్తు పెట్టడం. కమాండ్ ద్వారా వాడేవారు దీన్నే డబ్ల్యూ‌ఆల్ అంటారు. స్కాన్ఎఫ్‌లో అండ్ (&) గుర్తు మరచిపోయారనుకోండి, జీసీసీ ఆ వరుస సంఖ్యతో సహా అక్కడికక్కడే చెబుతుంది. టర్బోలో అదే పొరపాటు కంపైల్ అయిపోయి, ప్రోగ్రాము నడిచాక పిచ్చి సంఖ్య వస్తుంది, లేదా చివరలో నల్ పాయింటర్ అసైన్‌మెంట్ అన్న ఒక్క ముక్క కనిపించి మాయమవుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ ముక్కకు అర్థం తెలియక ఒక మధ్యాహ్నమంతా ల్యాబులో కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ చేతిలో లేని రోజు, రైలులోనైనా సరే, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుని క్లాంగ్ ప్యాకేజీ దింపుకుంటే చిన్న ప్రోగ్రాములు హాయిగా నడుస్తాయి.

జవాబు 3 – కందుకూరు ల్యాబు బాధ్యుడు

టర్బోను అందరూ తీసిపారేస్తున్నారు కాబట్టి దాని పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. ఎఫ్7 నొక్కుతూ ఒక్కొక్క వరుసే నడిపించి, కంట్రోల్ ఎఫ్7తో వేరియబుల్ విలువ ఎలా మారుతున్నదో చూపిస్తే, లూప్ అంటే ఏమిటో మొదటిసారి చూసే పిల్లలకు బోర్డు మీద గంట చెప్పినదాని కంటే ఎక్కువ అర్థమవుతుంది. పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ అక్కర లేదు, గ్రాఫిక్స్ ప్రోగ్రాములు సిలబస్‌లో ఉన్నచోట వేరే దారి కూడా కష్టమే. అయితే వాయిడ్ మెయిన్ అని రాయించడం మా వైపు నుంచి జరుగుతున్న తప్పే, అది ఒప్పుకుంటాను. ప్రమాణం ప్రకారం మెయిన్ ఇంటీజర్‌ను తిరిగి ఇవ్వాలి. ఇంట్ మెయిన్ అని రాసి చివర రిటర్న్ సున్నా పెడితే టర్బో కూడా కాదనదు.

జవాబు 4 – ఒంగోలు అధ్యాపకుడు

వరుస వరుసగా నడిపించే వసతి గురించి మీరన్నది నిజమే. అది కోడ్ బ్లాక్స్‌లోని డీబగ్గర్‌లోనూ ఉంది, కాకపోతే ప్రాజెక్టుగా తెరిస్తేనే పనిచేస్తుంది. విడి ఫైలు తెరిచి అది నడవలేదని వదిలేసేవారే ఎక్కువ.

జవాబు 5 – బిట్రగుంట విద్యార్థిని

సార్, మీరు చెప్పినట్లే చేశాను. ల్యాబులో 7కు 5040 సరిగానే వచ్చింది, 8కి మాత్రం మైనస్ 25216 వచ్చింది. ఇంట్లో అదే ప్రోగ్రాము 40320 చూపించింది. ఇంట్లోది ఎప్పుడూ సరైనదే అనుకుని సంబరపడి 13 ఇచ్చి చూస్తే 1932053504 వచ్చింది. మైనస్ లేదు కాబట్టి ఒప్పే అనుకున్నాను, క్యాలిక్యులేటర్ మీద లెక్కిస్తే 6227020800 అని తేలింది. అంటే 4 బైట్లు కూడా చాలలేదన్నమాట. ఇంటీజర్‌ను ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ అని మార్చాక ఇంట్లో సరిపోయింది, ల్యాబులో టర్బో ఆ మాటనే ఒప్పుకోలేదు.

క్లియర్‌స్క్రీన్ వరుసలు తీసేశాను, మెయిన్‌ను ఇంట్‌గా మార్చాను. హెచ్చరికలు పెట్టిన తరువాత మా రికార్డులోని, ఐ విలువను ఒకటి పెంచే ఐ ప్లస్‌ప్లస్, ప్లస్‌ప్లస్ ఐ రెండూ ఒకే వరుసలో కలిపిన ప్రోగ్రాముకు, ఐ విలువ నిర్ణయించలేనిది కావచ్చు అన్న అర్థంలో ఒక హెచ్చరిక వచ్చింది. రికార్డులో మాత్రం దానికి ఒక్క జవాబే రాసి ఉంది. ఏది నమ్మాలి?

జవాబు 6 – ఒంగోలు అధ్యాపకుడు

కంపైలర్‌నే నమ్మండి. ఒకే వేరియబుల్‌ను ఒకే వాక్యంలో అలా రెండుసార్లు మార్చితే ఫలితం ఇంత అని ప్రమాణం ఎక్కడా చెప్పలేదు, ఏ కంపైలర్ ఏమి ఇచ్చినా తప్పు పట్టలేము. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే రికార్డులోని జవాబు రాసి, కింద ఈ మాట కూడా ఒక్క వరుస చేర్చండి.

లాంగ్ లాంగ్ 1999 ప్రమాణంతో వచ్చినది కాబట్టి టర్బోకు తెలియదు. అక్కడ అన్‌సైన్డ్ లాంగ్ వాడితే 12 వరకు సరైన జవాబు వస్తుంది.