మీడియావికీ ఎక్స్‌టెన్షన్‌ని సర్వర్ ముట్టుకోకుండా ఇంట్లోనే రాసి చూసుకోవడం ఎలా?

శతకప్రియ:
మా శతక పద్యాల వికీ షేర్డ్ హోస్టింగ్‌లో మీడియావికీ (వికీలు నడిపే సాఫ్ట్‌వేర్) 1.43 మీద నడుస్తోంది. పద్యం చుట్టూ ఒక ట్యాగ్ పెడితే కింద ప్రతిపదార్థం పట్టికగా వచ్చేలా చిన్న ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం జోడించే కోడ్) రాస్తున్నాను. ఫైల్ మార్చడం, ఫైల్‌జిల్లాతో సర్వర్‌కి ఎక్కించడం, రీఫ్రెష్ కొట్టడం: ఇదీ నా పద్ధతి. ఒక్క సెమీకోలన్ పోతే వికీ మొత్తం తెల్లపేజీ. సరిగ్గా అప్పుడే మాస్టారు వేమన పద్యాలు ఎక్కిస్తూ ఉంటారు, వెంటనే ఫోన్! ఇంకో విచిత్రం, కోడ్ మార్చినా పేజీలో పాతదే కనబడుతుంది. మాస్టారు ఆ పేజీలో ఏదైనా దిద్ది సేవ్ చేస్తే మాత్రం కొత్తది వస్తుంది. గెరిట్ (కోడ్ సమీక్షకు), జెంకిన్స్ (టెస్టులు వాటంతటవే నడవడానికి), ఫాన్ (కోడ్‌ని నడపకుండానే తప్పులు పట్టడానికి) అని ఏవేవో చదివాను. అవన్నీ కావాలా? నాది విండోస్ లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్.

పాతకోడర్:
ముందు ఆ ఫైల్‌జిల్లా మూసేయండి. గెరిట్ సంగతి తర్వాత.

డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు, దానికి డాకర్ (సర్వర్‌ని విడి డబ్బాలా లాప్‌టాప్‌లో నడిపేది) పెట్టుకోండి. మీడియావికీ కోడ్‌ని గిట్‌తో దించేటప్పుడు 1.43 బ్రాంచే తీసుకోండి. మాస్టర్ (ఇంకా తయారవుతున్న తాజా కోడ్ బ్రాంచ్) మీద రాసి 1.43లో నడపబోతే అక్కడ లేని క్లాసుల కోసం వెతుక్కోవాలి. కోడ్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి, లేకపోతే ఒక్కో పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. డాకర్ కంపోజ్ ఫైల్ కోడ్‌తోపాటే వస్తుంది, డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ చాలు, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080. వెక్టర్ స్కిన్ (పేజీ రూపురేఖలు ఇచ్చేది) విడిగా దించాలి, అది లేక పేజీ బోసిగా కనబడితే కంగారు పడకండి. మీ ఎక్స్‌టెన్షన్ ఫోల్డర్‌ని ఎక్స్‌టెన్షన్స్ కింద పెట్టి, లోకల్‌సెట్టింగ్స్‌లో లోడ్ చేసే లైన్ రాస్తే సరి. ఇక సేవ్ కొట్టడం, రీఫ్రెష్ చేయడం అంతే.

మీ విచిత్రం పార్సర్ క్యాష్. ట్యాగ్ నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని వికీ దాచుకుంటుంది, మామూలుగా 24 గంటలు. పేజీ సేవ్ చేస్తే మళ్లీ పార్స్ అవుతుంది, అంటే హెచ్‌టీఎంఎల్ కొత్తగా తయారవుతుంది, అందుకే మాస్టారి చేతికి మహిమ ఉన్నట్టు కనబడింది. లోకల్‌లో పార్సర్ క్యాష్ టైప్‌ని CACHE_NONE చేసేయండి. లైవ్‌లో ఆ పని వద్దు, పేజీని పర్జ్ చేస్తే (దాచుకున్న కాపీని తీసేయిస్తే) చాలు. జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ మార్పులు చూసేటప్పుడు యూఆర్ఎల్‌కి డీబగ్=1 తగిలించండి.

శతకప్రియ:
8080లో వికీ లేచింది అండీ! కానీ "అర్థం చూపు" బటన్ మీద నా మాటకు బదులు మెసేజ్ కీ కనబడుతోంది. తెలుగు జేసన్ ఫైల్‌లో రాశానే?

పాతకోడర్:
ఫైల్‌లో ఉంటే సరిపోదు. బటన్ జావాస్క్రిప్ట్ నుంచి వస్తోంది కాబట్టి ఆ కీని ఎక్స్‌టెన్షన్.జేసన్‌లో మీ మాడ్యూల్ కింద మెసేజెస్ జాబితాలో కూడా రాయాలి. అక్కడ రాసినవే బ్రౌజర్‌కి చేరతాయి.

పరీక్షాధికారి:
టెస్టుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ట్యాగ్ ఎక్స్‌టెన్షన్‌కి పార్సర్ టెస్టులంత సుఖం లేదు. ఇచ్చే వికీపాఠ్యం, రావలసిన హెచ్‌టీఎంఎల్, రెండూ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోవడమే. తెలుగు కాబట్టి ఇంకా అవసరం. "స్త్రీ" అనే ఒక్క అక్షరం పొడవు పీహెచ్‌పీలో యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టే ఎంబీ_స్ట్ర్‌లెన్‌కి 6, బైట్లు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్‌కి 18. పదాల్ని ఎక్కడైనా పొడవు చూసి కోస్తుంటే ముందు దానికే టెస్ట్ రాయండి.

పాతకోడర్:
ఒప్పుకుంటాను, పార్సర్ టెస్టులు ఈరోజే మొదలుపెట్టొచ్చు. ఫాన్ మాత్రం ఇప్పుడే వద్దు, రెండు ఫైళ్ల కోడ్‌కి అంత హంగామా దేనికి? గెరిట్ కూడా వికీమీడియా దగ్గర కోడ్ పెట్టాలనుకున్నప్పుడే. అంతవరకు మీ సొంత గిట్ రిపో ఉంచుకుని, లైవ్ సర్వర్‌కి గిట్‌లో ట్యాగ్ వేసిన వెర్షన్ మాత్రమే ఎక్కించండి, అదీ మాస్టారు పడుకున్నాక.