నల్ల కారు మీద రోటరీ, డీఏ పాలిషింగ్ మిషన్లు రెండూ కలిపి కొట్టొచ్చా?

చీమకుర్తి డ్యూటీ:

అన్నలకి నమస్తే. మాది ఒంగోలు, ఉద్యోగం చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో. బండి 2014 మోడల్ నల్ల వెర్నా. పొద్దున పెడితే సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు, అంత రాతి పొడి పడుద్ది. మా వాచ్‌మన్ తాత అభిమానం కొద్దీ రోజూ పొడి గుడ్డతో తుడిచిపెట్టేవాడు. ఇప్పుడు ఎండలో నిలబెడితే బానెట్ నిండా సాలెగూడు లాగా సన్న గీతలే. డోర్ల మీద బోరు నీళ్ల మచ్చలు వేరే.

15 ఎంఎం త్రో (ప్యాడ్ ఊగే వెడల్పు) ఉన్న డీఏ, అంటే డ్యుయల్ యాక్షన్ మిషన్, ఆన్‌లైన్‌లో కొన్నా. మా బావమరిది దగ్గర పాత రోటరీ ఉంది. డీఏకి మీడియం ఫోమ్ వేసి బానెట్ ఒక మూల కొట్టి చూశా. సన్నవి పోయాయి, లోతు గీతలు చెక్కుచెదరలా. ముందు రోటరీతో లాగేసి, తర్వాత డీఏతో ఫినిష్ చేస్తే సరిపోద్దా? పోయిన ఏడాది ఒక షాపులో రబ్బింగ్ కొట్టిస్తే వారం మెరిసింది, రెండు వాటర్ వాష్‌లకి మళ్లీ అదే అవతారం. అందుకే ఈసారి బయట ఇవ్వదల్చుకోలా.

కావలి కుర్రోడు:

రోటరీ జోలికి పోవద్దు బ్రో. రంగు మీదుండే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, కాలిపోద్ది. డీఏకే మైక్రోఫైబర్ ప్యాడ్ వేసి హెవీ కాంపౌండ్‌తో (గీతల్ని అరగదీసే గరుకు పేస్టు) కొట్టు. టైం పడుద్ది, అంతే.

నెల్లూరు షెడ్డు:

కావలి తమ్ముడు చెప్పిన ప్యాడ్ మంచిదే. రోటరీ అంటే భయం మాత్రం కొంచెం ఎక్కువైంది. మాది నెల్లూరులో డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు, మా నాయన కాలం నుంచీ రోటరీ తిరగతానే ఉంది. కాల్చేది మిషన్ కాదు, దాన్ని ఒకే చోట నిలబెట్టే చెయ్యి.

ముందు నీ షాపు సంగతి. వాళ్లు ఊలు ప్యాడ్ వేసి రోటరీతో ఒక్క రౌండు కొట్టి, పైన మైనం రుద్ది ఇచ్చుంటారు. రోటరీ పోయిన దారిలో తిప్పుడు గీతలు పడతాయి, ఎండలో హోలోగ్రామ్ లాగా కదలతాయి. కాంపౌండ్‌లో ఉండే నూనె, పైన రుద్దిన మైనం ఆ గీతల్లో నిండుకొని వాటిని దాచేస్తాయి. రెండు షాంపూ వాష్‌లకి ఆ నిండింది పోయి అసలు రంగు బయటపడింది. అంటే వాళ్లు మొదటి సగం చేసి డబ్బులు తీసుకున్నారు. రెండో సగం డీఏది.

రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుద్ది, నువ్వు అదిమినా ఆగదు. కోత ఎక్కువ, వేడీ ఎక్కువే. డీఏ తిరగతా ఊగుద్ది కాబట్టి గీతలు ఒక వరస పట్టవు, ఫినిషింగ్ బాగుంటుంది. కానీ అదిమావంటే ప్యాడ్ తిరగటం మానేసి ఉత్తినే వణుకుద్ది. నీకు లోతు గీతలు పోకపోవటానికి సగం కారణం అదే అయ్యుంటుందని నా అనుమానం. ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద తెల్ల మార్కర్‌తో ఒక గీత పెట్టి ఆన్ చెయ్. గీత తిరగతా కనపడాలి. నిలబడిపోయిందంటే బరువు తగ్గించు, లేదా ప్యాడ్ వంకరగా పెట్టావు. ఒంపు ఉన్న చోట 15 ఎంఎం మిషన్ ఇట్టా నిలబడేది ఇంకా ఎక్కువ. డోర్ హ్యాండిల్ చుట్టూ, అద్దం మీద, పిల్లర్ల మీద మూడంగుళాల ప్యాడ్ ఉన్న చిన్న మిషన్ కావాల, లేదంటే చేత్తోనే.

మిషన్ ముట్టే ముందు పని చానా ఉంది. దుమ్ము తుడవొద్దు, ధారగా నీళ్లు పోసి దించు, తర్వాతే షాంపూ. బోరు నీళ్ల మచ్చకి వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తడి గుడ్డ కాసేపు వేసి కడిగెయ్. కొత్త మచ్చయితే పోద్ది, పెయింట్‌ని తినేసిన పాత మచ్చకి పాలిషే గతి. తర్వాత క్లే బార్, అంటే పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే జిగురు మట్టి ముద్ద, రుద్దు. ఆ తర్వాత పెయింట్ మందం కొలిచే మైక్రాన్ మీటర్ ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకో. కంపెనీ పెయింట్ మొత్తం 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో పైనున్న క్లియర్ సుమారు 35 నుంచి 50. నీ చేతిలో ఉన్న ఆస్తి అంతే. ఎక్కడన్నా 200 దాటితే ఆ ప్యానెల్ మళ్లీ పెయింటైనట్టే.

బానెట్ మీద అడుగున్నర చదరం టేపు వేసుకొని అక్కడే తేల్చుకో. ఫోమ్ ఎట్టా చూశావు, ఇప్పుడు డీఏ, మైక్రోఫైబర్. దాంతో పోతే రోటరీ అసలు బయటికి తియ్యమాక. పోకపోతేనే రోటరీ, అదీ బానెట్, డిక్కీ, డోర్ల చదునుకి మాత్రమే. స్పీడు 1000, 1200 దగ్గరే ఉంచు, ప్యాడ్ చదునుగా, చెయ్యి కదలతానే ఉండాల, వైరు భుజం మీద వేసుకో. మధ్యమధ్యలో అరచెయ్యి ఆనించి చూడు, పెట్టలేకపోతే ఆపెయ్. అంచులకీ బాడీ లైన్లకీ మాస్కింగ్ టేప్ తప్పదు, పెయింట్ పల్చగా ఉండేది అక్కడే. బంపర్ మీదికి రోటరీ ఎక్కించొద్దు. ప్లాస్టిక్ వేడిని లాగదు, అక్కడే నిలిచిపోయి పెయింట్ లేస్తుంది. మామూలు మీటర్ కూడా బంపర్ మీద పలకదు.

తర్వాత అదే చదరం మీద డీఏ, మీడియం ఫోమ్‌తో హోలోగ్రామ్ తీసెయ్, ఆఖరున మెత్తటి ఫోమ్, ఫినిషింగ్ పాలిష్. ఒక్కో మందుకి ఒక్కో ప్యాడ్, కలపొద్దు. ప్రతి మెట్టు తర్వాత నీళ్లు కలిపిన ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి టార్చి వేసి చూడు, అప్పుడు గీత పోయిందో దాక్కుందో తెలిసిపోద్ది. ఇదంతా తెల్లవారుజామున, నీడలో. మన ఎండకి రేకు కాలిందంటే కాంపౌండ్ ఎండి పిండయిపోద్ది.

గోరు తగిలే గీతల్ని వదిలెయ్. అవి తియ్యాలంటే క్లియర్ అంతా పోవాల.

పలక పాలిష్:

మాదీ చీమకుర్తే తమ్ముడూ. పాలిష్ లైన్ మీద బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకకి ఒక గ్రిట్ (రాపిడి గరుకు) గీతల్ని తర్వాతి సన్న గ్రిట్ తినేస్తా పోవాల, మెట్టు దాటేస్తే మెరుపులో తెలిసిపోద్ది. షెడ్డు అన్న చెప్పేదీ అదే లెక్క. కాకపోతే మా పలక రెండు సెంటీమీటర్లు, ఎంత తిన్నా భయం లేదు. ఇంకోటి, ఇక్కడ కొందరు రాయి కోసే నాలుగంగుళాల గ్రైండర్‌కే ఫోమ్ ప్యాడ్ తగిలించి కారు మీద పెడతన్నారు. అది 11,000 పైన తిరుగుద్ది. నీ బావమరిది రోటరీ అంటే అదే కాదు గదా?

చీమకుర్తి డ్యూటీ:

కాదన్నా, పాలిషింగ్ మిషనే, స్పీడు డయల్ ఉంది. మార్కర్ గీత పెట్టి చూశా, నిజంగానే నిలబడిపోతా ఉంది. బరువు తగ్గించి మైక్రోఫైబర్ వేస్తే బానెట్ మీద చాలావరకు వచ్చేసింది, రోటరీ తీయలా. కానీ ఎడమ వెనక డోర్ మీద డీఏ పెడితే ప్యాడ్‌కి నలుపు అంటుకుంటా ఉంది. బానెట్ మీద తెల్లగానే వచ్చింది. మీటర్ ఇంకా దొరకలా.

నెల్లూరు షెడ్డు:

ఆ డోర్ ఆపెయ్ ముందు. క్లియర్ ఉంటే ప్యాడ్‌కి రంగు రాదు. ఎప్పుడన్నా ఆ డోర్‌కి పెయింటింగ్ అయిందా? క్లియర్ లేకుండా ఒకే కోటు నలుపు కొట్టుంటే డోరంతా ఎక్కడ పెట్టినా నలుపే వస్తుంది. అట్టయితే భయం లేదు, మెత్తటి ఫోమ్, ఫినిషింగ్ పాలిష్‌తో తేలిగ్గా కొట్టి ఆపు. అట్టా కాకుండా ఒక్క చోటే వస్తా, అక్కడ అంచు కట్టినట్టు మసక మచ్చ కనపడితే మాత్రం క్లియర్ అయిపోయిందన్నమాట. దానికి ఏ మిషనూ లేదు, డోర్ పెయింటింగే. డోర్ కింది భాగంలో ఇంకో చోట ఒక్కసారి పెట్టి చూసి, ప్యాడ్ ఫోటో పెట్టు.