వాన బారిన పడకుండా నెత్తళ్ళు ఎండబెట్టే దారి ఉందా?

మాది కాకినాడ జిల్లా ఉప్పాడ దగ్గరి పల్లె. మా అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఇదివరకు ఇసుక మీద వలలు పరిచి ఎండబెట్టేవాళ్ళు. ఆ ఇసుకను సముద్రం కోసేసింది. ఇప్పుడు రోడ్డు అంచే దిక్కు. పైగా వానలకు వేళాపాళా లేదు. మొన్న టార్పాలిన్ కప్పేలోపే రెండు బుట్టల నెత్తళ్ళు తడిశాయి, మూడో రోజుకు పురుగు పట్టింది. అప్పు తెచ్చి వేలంలో పాడుకున్న సరుకు! ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతి వేటకు వెళ్ళేవారికే, ఎండబెట్టే ఆడవాళ్ళు ఆ లెక్కలోకే రారు.

డ్వాక్రా సంఘంలోని పదిమంది కలిసి సోలార్ డ్రయ్యర్ కొందామంటున్నారు. ఎవరైనా వాడుతున్నారా? మబ్బు రోజుల్లో పనిచేస్తుందా, ఉప్పుగాలికి ఎన్నాళ్ళు నిలుస్తుంది? ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మహిళలకు 60 శాతం రాయితీ ఉంది కదా, మొత్తం డబ్బు ముందే మేమే పెట్టాలా? మాకు సొంత స్థలం లేదు, దరఖాస్తుకు అది అడ్డమా? డ్రయ్యర్ కుదరకపోతే వెదురు మంచెల మీద వల పరిచి ఎండబెట్టినవారు ఎంత ఎత్తు పెట్టారో చెప్పండి. అమ్మ మాత్రం మంచె వేస్తే కాకులకు విందే అంటోంది.