అంధ విద్యార్థిని డిగ్రీ పరీక్షను కంప్యూటర్‌పై రాయాలంటే ముందుగా ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (గాజువాక నుంచి ఒక తల్లి)

నమస్కారమండీ. పుట్టుకతోనే చూపు లేని మా అమ్మాయి విశాఖలో బి.ఏ. చదువుతోంది. ఇంటర్ వరకు తాను చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ సహాయంతోనే పరీక్షలు రాసింది గానీ, తాను చెప్పిన వాక్యం కాగితం మీద ఎలా పడుతోందో తెలియదనీ, సొంతంగా టైపు చేస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చనీ ఇప్పుడు పట్టుబడుతోంది. ఇంట్లో కంప్యూటర్ తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో చక్కగా పనిచేసుకుంటుంది. పరీక్ష హాలులో ఇందుకు వీలుంటుందా?

జవాబు (చూపు లేని బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ)

అమ్మా, మీ అమ్మాయి కోరిక న్యాయమైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక, కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో విడుదల చేసిన మార్గదర్శకాలు బ్రెయిల్, కంప్యూటర్, పెద్ద అక్షరాలు, జవాబుల రికార్డింగ్ వంటి పద్ధతుల్లో తమకు అనువైనదాన్ని ఎంచుకునే వీలు కల్పించాయి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా ఇవ్వాలన్నాయి. సొంత ల్యాప్‌టాప్‌ను అనుమతించకపోయినా సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే విలువైనది, పరీక్షకు ముందురోజే అక్కడి కంప్యూటర్‌ను సరిచూసుకునే అవకాశం. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు. హెడ్‌ఫోన్లలో మాట వినిపిస్తోందా, తెలుగు గొంతు ఉందా, ఎన్‌వీడీఏ ఆదేశాలకు వాడే ఇన్‌సర్ట్ మీట చేతికి అందుతోందా, లేదంటే క్యాప్స్ లాక్‌ను దాని బదులు పెట్టుకోవాలా అన్నవి ఆమే స్వయంగా చూసుకోవాలి. ఎన్‌వీడీఏ ఉచితం; ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడుస్తుంది, అయితే అందుకు పరీక్షా కేంద్రం అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

జవాబు (తెలుగు అధ్యాపకురాలు, మద్దిలపాలెం)

పై జవాబుకు ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. కంప్యూటర్ సిద్ధంగా ఉన్నా ప్రశ్నపత్రం చదవదగ్గదిగా లేకపోతే ప్రయోజనం లేదు. మన దగ్గర చాలా ప్రశ్నపత్రాలు అచ్చు కోసం అను ఫాంట్లలో టైపు అవుతాయి. తెరపై తెలుగు కనిపించినా ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే కనుక స్క్రీన్ రీడర్ వాటినే అర్థంపర్థం లేకుండా చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది బొమ్మ కాబట్టి అసలే పలకదు. అందుచేత తెలుగు అక్షరాలను తెలుగు అక్షరాలుగానే నమోదు చేసే యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలే కావాలని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. అమ్మాయికి తెలుగు టైపింగ్‌కు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక బాగా అలవాటు చేయించండి: అందులో డి మీట పొల్లు వేస్తుంది, కాబట్టి 'క్ష' రావాలంటే క, పొల్లు, ష వరుసగా నొక్కాలి. ఈ వరుస వేళ్లకు పట్టుబడితే స్క్రీన్ రీడర్ పలికే ప్రతి అక్షరం కోసం ఆగనవసరం లేదు.

మళ్లీ ఆ తల్లి

చాలా కృతజ్ఞతలండీ. చరిత్ర పేపరులో పటం గుర్తించే ప్రశ్న వస్తే ఏం చేయాలి?

జవాబు (ఎంవీపీ కాలనీ)

చూపుతో మాత్రమే రాయగల ప్రశ్నకు బదులు మరో ప్రశ్న ఇచ్చే పద్ధతి ఉందని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయమ్మా. ప్రశ్నపత్రం తయారయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది కనుక, కంప్యూటర్ కోసం పెట్టే దరఖాస్తులోనే దీన్నీ చేర్చి, ప్రిన్సిపాల్ గారి ద్వారా పరీక్షల విభాగానికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.